వల మీద చెయ్యి

వేట ఆగితే మా మందిరం నిండుతుంది. ఏప్రిల్ నడిమి నుంచి జూన్ నడిమి దాకా ఇంజను పడవలు సముద్రం మీదికి పోకూడదని సర్కారు నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం అది. పాలెంలో పడవల్ని ట్రాక్టరుతో ఇసుక మీదికి లాగేస్తారు. ఇంజన్లు విప్పి ఇళ్ళకు మోసుకుపోతారు. మగవాళ్ళు పొద్దున పూట పందిళ్ళ కింద కూర్చుని వలలు బాగుచేసుకుంటారు, సాయంత్రానికి ఏమీ తోచక మందిరానికి వస్తారు. ఏడాదంతా ఆడవాళ్ళతో, పిల్లలతో నడిచే సంఘం ఆ రెండు నెలలూ మగవాళ్ళ గొంతులతో పాడుతుంది. మా ఆయన ఆ కాలం కోసం ఎదురు చూస్తారు. రైతుకు కోతలెట్లాగో మనకు నిషేధం అట్లాగ అంటారు.

మా ఆయన సుశీల్ కుమార్ అక్కడ పాస్టరు. బోగోలు నుంచి ఆటోలో వస్తే సముద్రానికి కాస్త ఇవతల రోడ్డు అయిపోతుంది. రోడ్డు అయిపోయిన చోట మందిరం, దాని వెనక రెండు గదుల్లో మేము. మా అమ్మాయి తిరుపతిలో నర్సింగు చదువుతూ హాస్టల్లో ఉండేది. నేను నాయుడుపేట పిల్లను. పెళ్ళయి పాలెంలో దిగిన రోజే నా పేరు పోయింది. పాస్టరు భార్యను అక్కడ అందరూ అమ్మగారూ అనే పిలుస్తారు, మా అమ్మ వయసు వాళ్ళు కూడా. మా ఆయన కూడా నలుగురిలో అట్లాగే అనేవారు. రాను రాను ఇంట్లోనూ 'ఏమ్మా' దగ్గర ఆగిపోయారు. నన్ను ప్రమీలా అని పిలిచే మనిషి పాలెంలో ఒక్కతే ఉండేది, అదీ పక్కన ఎవరూ లేనప్పుడు. ఆమె డెబోరా.

డెబోరా బాప్తిస్మం పేరు. అంతకు ముందు పోలమ్మ. ఎండుచేపలు గంపకెత్తుకుని బోగోలు, కావలి తిరిగి అమ్ముకొచ్చేది. ఆమె మొగుడు చిన్నపోలయ్య మందిరం గడప తొక్కడు. పడవ ముందు భాగాన గంగమ్మకు కుంకుమ పెట్టి నిమ్మకాయలు కడతాడు. పెళ్ళాం మందిరానికి పోతుంటే మాత్రం, నా సంగతి కూడా ఒక మాట చెప్పి రామ్మే అంటాడని డెబోరా నవ్వుతూ చెప్పేది.

ఆ ఏడు వేట ఆగేనాటికి నేను ప్రార్థన చెయ్యలేని స్థితిలో ఉన్నాను. దానికి కారణం వెతికితే ఏమీ కనపడలేదు. ఇంట్లో చావు లేదు, జబ్బు లేదు, ఎవరితోనూ తగాదా లేదు. క్రిస్మస్ అయిపోయింది, మందిరంలో కట్టిన రంగుకాగితాలు విప్పుతున్నాము, ఆ పని చేస్తూ అలవాటుగా లోపల ఏదో చెప్పుకోబోయాను. ఫోన్లో మాట్లాడుతూ ఉంటాం, అవతల ఎప్పుడో కట్టయిపోయి ఉంటుంది, మనం ఇంకా మాట్లాడుతూనే ఉంటాం. ఆ సంగతి తెలిసినప్పుడు ఎట్లా ఉంటుందో అట్లా అనిపించింది. రేపటికి సర్దుకుంటుందిలే అనుకున్నాను. సర్దుకోలేదు.

పనులు మాత్రం ఆగలేదు. ఆదివారం పిల్లలకు వాక్యం నేర్పాను. స్త్రీల కూడిక నడిపాను. ఎవరికైనా జ్వరమొస్తే పోయి తల మీద చెయ్యి పెట్టాను. నోటికి అలవాటైన మాటలు వాటంతట అవే వచ్చేవి. సాయంత్రం ఇంట్లో అన్నానికి ముందు కుటుంబ ప్రార్థన ఉండేది. కంచాల్లో అన్నం వడ్డించి పెట్టేదాన్ని. ఆయన ఒక కీర్తన చదివి ప్రార్థన చేసేవారు, తర్వాత నా వంతు, తర్వాత ఆమేన్. నా వంతు వచ్చినప్పుడు పోయినేడు చెప్పిన మాటలే చెప్పేదాన్ని. ఆయన కళ్ళు మూసుకుని వినేవారు. ఆయనకు తేడా తెలియకపోవడం నాకు మొదట్లో ఊరటగా ఉండేది. తర్వాత అదే బాధ అయింది.

వేట ఆగిన వారానికి ఒక మధ్యాహ్నం డెబోరా ఇంటికి పోయాను. ఆమె వసారాలో గోనెపట్టా మీద ఎండు నెత్తళ్ళు పోసుకుని ఏరుతోంది. విరిగినవి ఒక పక్కకు, కోళ్ళ మేతకు. నిండువి ఒక పక్కకు, సంతకు. నేను కూడా కూర్చుని ఏరాను. ఆమె సంతలో ఒక మనిషి బేరమాడిన తీరు చెప్పింది, కోడలి మీద చెప్పింది, మళ్ళీ సంత మీద చెప్పింది. డెబోరాకు నోరు మూసి కూర్చోవడం చేతకాదు. మందిరంలో కూడా ఆమె ప్రార్థన మొదలుపెడితే గోడవారనున్న ముసలివాళ్ళు వెనక్కి ఆనుకుని సర్దుకు కూర్చుంటారు.

మాట మధ్యలో ఆగి నన్ను చూసింది.

"ఏంది ప్రమీలా, ముఖం అట్టుండాది?"

"నాకు ప్రార్థన రావడం లేదు డెబోరా."

"నాకు మాత్రం వచ్చా? నువ్వు నేర్పిందే గదా."

"అది కాదు. మాటలు వస్తున్నాయి. అవతల ఎవరూ ఉన్నట్టు లేదు."

ఆమె చేతిలో నెత్తళ్ళు గోనె మీద పోసేసింది. ఎప్పటి నుంచి అని అడిగింది, చెప్పాను. అయ్యగారికి తెలుసా అని అడిగింది, తెలియదన్నాను.

"ఆయనకు చెప్పబాక. బెంగ పెట్టుకుంటాడు. నేనూ ఎవురికీ చెప్పన్లే."

చెంగుతో కళ్ళు తుడుచుకుంది. ఏడవాల్సింది నేను గదా అన్నాను. నీకు రాకపోతే నేను ఏడస్తన్నా, ఎవురో ఒకరు ఏడవాల గదా అంది. ఇద్దరం నవ్వాము. ఇంటికొస్తుంటే నిండు నెత్తళ్ళు కాగితంలో చుట్టి చేతికిచ్చింది. ఆ రోజు కడుపునిండా అన్నం తిన్నాను.

మా సంఘంలో శుక్రవారం ఉపవాస ప్రార్థన. అందులో మనవులు చెప్పుకునే వేళ ఒకటి ఉంటుంది. ఎవరికి ఏ కష్టం ఉన్నా లేచి నిలబడి చెప్తారు, అందరూ కలిసి దాని కోసం ప్రార్థన చేస్తారు. మొగుడి తాగుడు, కోడలి కడుపు పోవడం, అత్త పెట్టే పోరు, గర్భసంచి ఆపరేషను, అన్నీ అక్కడే. బయట అంటే చాడీ అవుతుంది, అక్కడ అంటే మనవి అవుతుంది. దాన్ని పట్టుకుని తర్వాత ఎవరూ ఎవరినీ ఎగతాళి చెయ్యకూడదని సంఘంలో కట్టుబాటు. డెబోరా తన బతుకంతా అక్కడ చెప్పింది. చిన్నపోలయ్య తాగి ఇసుకలో పడి నిద్రపోయిన రాత్రులన్నీ సంఘానికి తెలుసు. అట్లా చెప్పబట్టే అతను తాగుడు తగ్గించాడని ఆమె నమ్మకం.

ఆడవాళ్ళు కూర్చున్న చోటి నుంచి మెల్లగా చెప్తారు, మైకు మా ఆయన చేతిలో ఉంటుంది. అందుకని ఒక్కొక్క ముక్కా ఆయన మైకులో తిరిగి చెప్తారు. మందిరం పైన రెండు స్పీకరు బాక్సులు, ఒకటి సముద్రం వైపుకు, ఒకటి వీధి వైపుకు. రాలేనివాళ్ళు ఇంట్లో ఉండి కూడా ప్రార్థనలో కలవాలని ఆయనే పెట్టించారు.

ఆ శుక్రవారం మందిరం నిండి జనం బయట పందిట్లో కూడా కూర్చున్నారు. ఒక ముసలామె మోకాళ్ళ నొప్పులు చెప్పింది. ఒకాయన కొడుకు ఉద్యోగం చెప్పాడు. తర్వాత డెబోరా లేచింది. ఆమె నా వైపు చూడలేదు. పైట తల మీదికి లాక్కుంది.

"మన అమ్మగారి కోసరం," అంది.

"మన అమ్మగారి కోసం," అన్నారు మా ఆయన మైకులో. నన్ను చూసి చిన్నగా నవ్వారు. నాకు షుగరు కొంచెం ఉంది, దాని సంగతి అనుకుని ఉంటారు.

"క్రిస్మస్ కాడి నుంచి."

"క్రిస్మస్ దగ్గర నుంచి."

"ప్రార్థన చెయ్యలేక."

"ప్రార్థన చెయ్యలేక," అన్నారు, అని ఆగారు.

బాక్సుల్లో ఆయన ఊపిరి వినపడింది. మిగతా ముక్క డెబోరా మైకు లేకుండానే చెప్పింది, అమ్మగారు శానా బాధపడతా ఉండాది, అందరూ జ్ఞాపకం చేసుకోండి అని. కూర్చుంది. అప్పటికే ఏడుస్తోంది.

మా ఆయన ప్రార్థన చేద్దాం అన్నారు. ఆయన గొంతు మామూలుగానే ఉంది. మా సంఘంలో అందరూ ఒకేసారి, ఎవరి మాటలు వాళ్ళు, పైకి ప్రార్థన చేస్తారు. చుట్టుపక్కల ఆడవాళ్ళు లేచి వచ్చి నా తల మీద, భుజాల మీద చేతులు పెట్టారు. ఎన్నోసార్లు నేను వాళ్ళ మీద పెట్టిన చెయ్యే. కింద కూర్చున్న మనిషికి అది ఎంత బరువుగా ఉంటుందో అప్పటిదాకా నాకు తెలియదు. ఒకామె చేతికి చేపల వాసన, ఒకామె చేతికి కొబ్బరినూనె వాసన. అందరి నోటా నా సంగతే, ఒక్కరు కూడా నా పేరు పలకడం లేదు. అమ్మగారు, అమ్మగారు అని వినపడుతోంది. నేను కళ్ళు మూసుకుని వాళ్ళు ఎప్పుడు ఆపుతారా అని చూశాను.

ఆ సాయంత్రం ఆయన ఇంట్లోకి వచ్చి కుర్చీలో కూర్చున్నారు. చొక్కా కూడా మార్చలేదు.

"నాతో ఒక్క మాట అనకూడదా?" అన్నారు.

"అంటే మీరు ప్రార్థన చేసేవాళ్ళు."

"ఇంకేం చెయ్యాలి?"

కోపంగా అనలేదు. నిజంగానే అడిగారు. నేను లేచి అన్నం వడ్డించాను. ఆయన కీర్తన చదివారు, ప్రార్థన చేశారు, ఆమేన్ అన్నారు, కంచం దగ్గరికి లాక్కున్నారు. నా వంతు లేదు. నన్ను ఇబ్బంది పెట్టకూడదనే అట్లా చేశారని నాకు తెలుసు. అన్నం ఇంకా పొగలు కక్కుతోంది. మర్నాడూ అంతే, ఆ తర్వాతా అంతే. ఒకే ఇంట్లో ఉన్నాము. ఆయన నాతో జ్వరం మనిషితో మాట్లాడినట్టు మాట్లాడేవారు.

పాలెం ఆడవాళ్ళు కూడా జ్వరం మనిషికి చేసినట్టే చేశారు. ఒకామె ఎక్కడిదో అభిషేక తైలం సీసా తెచ్చింది, పడుకునే ముందు నొసటికి రాసుకోమంది. ఒకామె ఫోన్లో ఒక పెద్ద పాస్టరు ప్రసంగం పెట్టి నా చెవి దగ్గర పట్టుకుంది, అది అయ్యేదాకా కదలలేదు. ఒకామె ఇంట్లో ఎవరైనా ఏమైనా పాతిపెట్టారేమో చూసుకోమంది. ఎవరూ ఎగతాళి చెయ్యలేదు. ఒక్కరు కూడా వెనకటిలాగ తమ కష్టం నాతో చెప్పలేదు. పంపు దగ్గర నేను బిందె పెడితే మాటలు ఆగేవి. ఇన్నేళ్ళూ వాళ్ళ కష్టాలు వినీ వినీ విసుగు పుట్టింది అనుకునేదాన్ని. అవి లేకపోతే ఆ పాలెంలో నాకు ఎవరితోనూ మాట లేదని అప్పుడు తెలిసింది.

డెబోరా దగ్గరికి పోయాను. ఆమె నన్ను చూసి లేచి నిలబడింది. ఎప్పుడూ లేచేది కాదు.

"ఎవరికీ చెప్పనన్నావు గదా."

"ఎవురికి చెప్పినా? ప్రభువుకే చెప్పినా."

"మైకులోనా?"

"మైకు పట్టుకున్నది అయ్యగారు. నేను నా నోటితో చెప్పినా."

చిన్నపోలయ్య వల బాగుచేస్తూ అక్కడే ఉన్నాడు, తల ఎత్తకుండా నవ్వాడు. డెబోరా అతన్ని గమ్మునుండమంది. తర్వాత నాకు చెప్పుకొచ్చింది. తనకు ఆపరేషను అప్పుడు నేనే గదా లేచి మనవి చెప్పమన్నది. సిగ్గుపడితే, శరీరంలో ఒక అవయవానికి నొప్పి వస్తే మిగతా వాటికి తెలియకుండా ఉంటుందా అని నేనే గదా అన్నది. ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. అన్నీ నేను నేర్పినవే.

"నువ్వు ప్రార్థన చేస్తావని చెప్పలేదు నీకు," అన్నాను. "నువ్వు వింటావని చెప్పాను."

వస్తానన్నాను.

"మంచిది అమ్మగారూ," అంది.

ఇంట్లో ఆమె మొగుడు తప్ప ఎవరూ లేరు. అయినా ఆ పిలుపే పిలిచింది. ఆ తర్వాత మందిరంలో చివరి వరసలో కూర్చుంది, కూడిక అవగానే వెళ్ళిపోయేది. మనవుల వేళ లేవడం మానేసింది.

మే నెల గాలి మారింది. ఎండకు మధ్యాహ్నాలు ఇసుక మీద కాలు పెట్టలేని రోజులు. స్త్రీల కూడిక ముత్యాలయ్య కోడలు నడుపుతోంది. ముత్యాలయ్య సంఘ పెద్ద, రెండు పడవల ఆసామి. మందిరానికి రేకులు వేయించింది ఆయనే. నాకు విశ్రాంతి కావాలని, ఆ పని కోడలికి అప్పజెప్పమని ఆయనే సలహా ఇచ్చారు. మా ఆయన సరేనన్నారు. నేను వెనక కూర్చుని పాటలు పాడాను. పాట పాడటానికి ఏ ఇబ్బందీ లేదు, అదొక్కటి మిగిలింది.

జూను మొదట్లో ముత్యాలయ్య ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చారు. నేను లోపల టీ పెడుతున్నాను. మొదట నెల్లూరులో ఒక ప్రార్థన మందిరం ఉందని, అక్కడ మూడు దినాలు ఉపవాసముంటే ఎటువంటివాళ్ళకైనా సర్దుకుంటుందని చెప్పారు. తర్వాత అసలు సంగతి ఎత్తారు. వలల సంగతి.

అది చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి. నిషేధం తీరి పడవలు దించే రోజు సాయంత్రం, విశ్వాసుల పడవల దగ్గరికి పాస్టరు పోయి ప్రార్థన చెయ్యడం ఎక్కడైనా ఉన్నదే. మా పాలెంలో ఇంకొకటి కూడా ఉంది. మేము వచ్చిన కొత్తలో మా ఆయనకు కామెర్లు వచ్చి మంచం దిగలేదు, ఆయన బదులు నేను పోయాను. వేటకు పోబోయే వలను ఆడది తాకకూడదని చేపలు పట్టే పట్టపోళ్ళ పట్టింపు. నేను నాయుడుపేట మనిషిని, నాకేం తెలుసు. జబ్బు మనిషి తల మీద పెట్టినట్టు వల కుప్ప మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాను. మగవాళ్ళు ముఖాలు చూసుకున్నారు. ఆ వల చిన్నపోలయ్యది. పెళ్ళాం పిలిచిందని నన్ను రానిచ్చాడు తప్ప అతనికి ఈ ప్రార్థనలతో పని లేదు. ఆ ఏడు అతనికి వల నిండా రొయ్య పడింది. మరుసటేడు, అమ్మగారి చెయ్యి పడితే గాని పడవ దించనని కూర్చున్నాడు. అదట్లా అందరి వలలకూ పాకింది. పడవ దగ్గర పాస్టరు ప్రార్థన, వల మీద అమ్మగారి చెయ్యి.

ముత్యాలయ్య టీ వస్తోందేమో అన్నట్టు లోపలికి చూసి గొంతు తగ్గించారు. నాకు అంతా వినపడింది.

"అమ్మగారి మీద మాకు గౌరవం తక్కువై కాదయ్యగారూ. సముద్రం మీదికి పొయ్యేది మనుషులు. పడవల్లో పిల్లోళ్ళు భయపడతా ఉండారు. ఈ ఏటికి వలల కాడికి ఆమె రాకుంటే మేలు."

మా ఆయన ఏమంటారా అని తెర పక్కన నిలబడ్డాను. చేతిలో గ్లాసులున్నాయి.

"ఆలోచిద్దాం," అన్నారు.

ఆ మాట ఆయన ఎప్పుడు అంటారో నాకు తెలుసు. కాదనలేనివాళ్ళతో అంటారు. నేను తెర తీసుకుని పోయి అందరికీ టీ ఇచ్చాను. ముత్యాలయ్య లేచి రెండు చేతులతో గ్లాసు అందుకున్నారు. చక్కెర సరిపోయిందా అని అడిగాను. సరిపోయిందన్నారు.

నిషేధం తీరిన రోజు మధ్యాహ్నం నుంచి పాలెం అంతా రేవు దగ్గరే ఉంది. ఇంజన్లు బిగించారు. ట్రాక్టరు ఒక్కొక్క పడవనే నీళ్ళ అంచుకు తోస్తోంది. మందిరం దాకా డీజిలు వాసన వస్తోంది. సాయంత్రం మా ఆయన తెల్లచొక్కా వేసుకుని బైబిలు చంకలో పెట్టుకున్నారు. గడప దగ్గర ఆగారు.

"నువ్వు రాకుంటేనే నీకు కాస్త..." అన్నారు.

"సరే," అన్నాను.

ఇంకా ఏదో అనబోయి చెప్పులేసుకున్నారు. ఆయన పోయినాక తలుపు దగ్గర కూర్చుని బియ్యం ఏరాను. రేషను బియ్యంలో రాళ్ళు ఎక్కువ. ఏ ఏడూ ఆ సాయంత్రం నేను ఇంట్లో లేను. రేవు నుంచి కేకలు, ట్రాక్టరు చప్పుడు, మధ్యలో ఆయన ప్రార్థన గాలికి కాసేపు వినపడి కాసేపు ఆగిపోతున్నాయి. ఒక పడవ దగ్గర అయ్యి ఇంకో పడవ దగ్గర మొదలైంది. అది కూడా అయింది. తర్వాత ఎంతసేపటికీ ఇంకోటి మొదలుకాలేదు.

డెబోరా వచ్చింది. రొప్పుతోంది, చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తి పట్టుకుంది, పాదాలకు తడి ఇసుక. వాకిట్లో నిలబడింది. మా ఇంటి ముందు పంపు దగ్గర ముగ్గురు నలుగురు ఆడవాళ్ళున్నారు.

"ప్రమీలా, పద," అంది.

పంపు దగ్గర బిందెలు ఆగాయి. నేను చేట పక్కన పెట్టాను.

"ఎక్కడికి?"

"మా ఆయన పడవ దించనని కూర్చున్నాడు. ఎనక రెండు పడవలు ఆగిపొయ్యినాయి. ముత్యాలయ్య అరస్తా ఉండాడు."

"నాకేమీ రాలేదు డెబోరా. ఇంకా రాలేదు."

"ఆ సంగతి ఆయనకు చెప్పినా. నాకు మాటలతో పనేంది, చెయ్యి తీసుకరా అన్నాడు."

రేవుకు పోయే దారిలో ఆమె ఒక్క మాట మాట్లాడలేదు.

చిన్నపోలయ్య పడవ అంచు మీద కూర్చుని కాళ్ళు ఊపుతున్నాడు. ముందు భాగాన కుంకుమ, నిమ్మకాయలు. మా ఆయన పడవ పక్కనే బైబిలు మూసి పట్టుకుని నిలబడి ఉన్నారు. ముత్యాలయ్య ట్రాక్టరు పక్కన ఉన్నారు. నన్ను చూసి ఏదో అనబోయారు. చిన్నపోలయ్య అటు చూడకుండానే, మీ వలకు వద్దంటే చెయ్యి ఎయ్యదు, నా వల నాది, అన్నాడు. తర్వాత పడవ దిగి నాకు దారి ఇచ్చాడు.

వల పడవలో కుప్పగా ఉంది, కొత్త ముడులు తెల్లగా తెలుస్తున్నాయి. చెయ్యి పెట్టాను. నైలాను ఎండకు ఇంకా వేడిగా ఉంది. కళ్ళు మూసుకున్నాను. నోటికి అలవాటైన మాటలు ఉన్నాయి, కావాలంటే వస్తాయి. ఇన్ని నెలలూ వాటితోనే నెట్టుకొచ్చాను. ఆ పూట వాటిని రానివ్వలేదు. చెయ్యి తియ్యలేదు, ఏమీ అనలేదు.

నా పక్కన డెబోరా నిలబడి ఉంది. ఆమె ఊపిరి నాకు తెలుస్తోంది. ఎవరు ప్రార్థన ఆపినా అందుకునే మనిషి అది. ఇప్పుడు అందుకుంటుందని చూశాను. అందుకోలేదు. కళ్ళు తెరిచి చూస్తే పెదాలు గట్టిగా బిగించుకుని వల వైపే చూస్తోంది. అటు పక్కన మా ఆయన. సందు దొరికితే ప్రార్థనతో నింపడం ఆయన వృత్తి. నోరు తెరిచారు. డెబోరా ఆయన వైపు తల తిప్పి చూసింది. ఆయన నోరు మూసుకుని తల వంచారు. ట్రాక్టరు మనిషి ఎందుకో ఇంజను ఆపేశాడు.

అట్లా కొంతసేపు ఉన్నాము.

"అయిందామ్మా?" అన్నాడు చిన్నపోలయ్య.

"ఉండు," అంది డెబోరా.

ఇంకాసేపు ఉన్నాము. నేను చెయ్యి తీశాను.

"అయింది," అంది డెబోరా.

పడవను నీళ్ళలోకి తోశారు. ముత్యాలయ్య పడవల్లో వలల మీద చెయ్యి పెట్టమని ఎవరూ అడగలేదు, నేనూ పోలేదు. వాటి పక్కనుంచి నడిచి వస్తుంటే ఆయన పడవలోని కుర్రాళ్ళు కొందరు లేచి నిలబడ్డారు, కొందరు వేరే పని చూసుకున్నారు.

పడవలు దించడం అయ్యేదాకా నేనూ డెబోరా ఇసుక మీద కూర్చున్నాము. ఆమె కొంగుకు కట్టిన వక్క తీసి నోట్లో వేసుకుంది.

"ఏమన్నా వచ్చిందా?" అని అడిగింది.

"లేదు."

"నాకూ ఏం రాలా. నోరు మూస్తే నాకు ఏం రాదు." కాస్త ఆగి అంది, "ఎట్ట ఉంటివి మే ఇన్నాళ్ళు."

ఆ రోజు ఆయన చీకటి పడ్డాక వచ్చారు. కాళ్ళు కడుక్కుని చాప మీద కూర్చున్నారు. అన్నం వడ్డించాను. కీర్తన చదివారు. ప్రార్థన చేశారు. ఆ ప్రార్థన రోజూ కంటే చిన్నది. ఆమేన్ కోసం చూశాను. ఆయన అనలేదు. కళ్ళు మూసుకునే ఉన్నారు, చేతులు ఒళ్ళో ఉన్నాయి.

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అది నా వంతు.

నేనేమీ అనలేదు. నాకు ఏమీ రాలేదని ఆయనకు తెలుసు. అయినా కదలలేదు. కంచాల్లో ముందు ఆవిరి తగ్గింది, తర్వాత ఆగిపోయింది. రేవు వైపు నుంచి ఇంజన్ల చప్పుడు ఒకదాని వెనక ఒకటి మొదలై దూరమవుతోంది. చివరిది కూడా వినపడకుండా పోయింది. ఆయన అట్లాగే కూర్చుని ఉన్నారు.

ఆ పూట మేము చల్లారిన అన్నం తిన్నాము.